నేమ్‌ప్లేటు మీద ఊరు

విశాఖ దగ్గర నేను మొదటిసారి షిఫ్టు డ్యూటీ చేసిన సబ్‌స్టేషన్‌లో ఒక పాత సర్క్యూట్ బ్రేకర్ ఉండేది. దాని నేమ్‌ప్లేటు మీద ఏ, ఎస్, ఈ, ఏ అని నాలుగు అక్షరాలు, వాటి కింద 'వెస్టెరోస్, స్వీడన్' అని ఊరి పేరు. ఆ నాలుగు అక్షరాల్నీ మేమందరం 'ఆసియా' అనే చదివేవాళ్లం. రాత్రి షిఫ్టుల్లో ఫ్రీక్వెన్సీ మీటరు ముల్లు 49 కిందికి జారుతుంటే, ఏ ఫీడరు తీసెయ్యమంటారోనని ఫోను పక్కనే కూర్చునేవాణ్ని. యార్డులోకి వెళ్లినప్పుడల్లా టార్చిలైటు వెలుతురులో ఆ ఊరి పేరు చదివేవాణ్ని. ఎక్కడుందో ఆ ఊరు, ఎవరు చేశారో ఈ యంత్రాన్ని అనుకునేవాణ్ని.

ఏళ్ల తర్వాత ఆ బ్రేకర్ స్థానంలో కొత్తది వచ్చింది. పాతది తుక్కు వేలంలో పోయింది. లారీలోకి ఎక్కిస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. స్క్రూడ్రైవరుతో నేమ్‌ప్లేటు విప్పడం రెండు నిమిషాల పని. విప్పలేదు. ఆ వెలితి రిటైరయ్యాక కూడా నన్ను వదల్లేదు.

మా అమ్మాయి, అల్లుడు స్టాక్‌హోమ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఒక జూన్ నెలలో నేనూ మా ఆవిడా వెళ్లాం. "నాన్నా, ముందు ఏం చూస్తారు? రాజుగారి కోటా, మ్యూజియమా?" అని అడిగింది అమ్మాయి. వెస్టెరోస్ అన్నాను.

స్టాక్‌హోమ్ నుంచి పడమరగా రైల్లో గంట ప్రయాణం, వంద కిలోమీటర్లు. మెలారెన్ సరస్సు కిటికీలో కనిపిస్తూ, చెట్ల వెనక దాక్కుంటూ వెంట వచ్చింది. మధ్యమధ్య ఎర్ర రంగు వేసిన చెక్క ఇళ్లు, తెల్లటి మానులతో బర్చ్ చెట్లు. స్టేషన్లో మాకోసం ఒక పెద్దాయన కాచుకుని ఉన్నారు. మా అమ్మాయితో పనిచేసే ఆవిడకు తండ్రి. ఎనభై దాటాయి. ఉద్యోగకాలమంతా ఆ నాలుగు అక్షరాల కంపెనీలోనే, లుద్వికా ఊళ్లోని టెస్టింగ్ విభాగంలో గడిపారట. స్వీడన్‌లో గారూ, అండీ ఉండవు. చిన్నా పెద్దా అందరూ ఒకరినొకరు పేరు పెట్టే పిలుచుకుంటారు. ఆయన నన్ను అలాగే పిలిచారు. ఆయన్ని పేరుతో పిలవడానికి మాత్రం నాకు చివరిదాకా నోరు రాలేదు.

మొదట ఊరి నడిబొడ్డున ఉన్న స్తూరా తోరియెత్ చౌకుకు తీసుకెళ్లారు. అక్కడ వరసగా సైకిళ్లు తొక్కుతూ పోతున్న మనుషుల విగ్రహాలున్నాయి. ముందుకు వంగిన నడుములు, తలమీద టోపీలు. పొద్దున్నే ఫ్యాక్టరీకి పోతున్న కార్మికులు వాళ్లు. బెంగ్ట్ యోరన్ బ్రూస్ట్రొమ్ అనే శిల్పి 1989లో చేసిన ఈ శిల్పం పేరు 'ఆసేయా స్ట్రొమ్మెన్'. మనం ఆసియా అనుకున్న పేరును వాళ్లు ఆసేయా అంటారు. "స్ట్రొమ్ అంటే ఏటి ప్రవాహం. కరెంటుకి కూడా మా భాషలో అదే మాట" అన్నారు పెద్దాయన. మాకూ అంతేనని చెప్పాను. విద్యుత్ ప్రవాహం అంటాం. నీళ్లకూ కరెంటుకూ మనుషులకూ ఒకే మాట పెట్టుకున్న ఆ శిల్పం ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఒక ఊరు తన చౌకులో రాజును కాక షిఫ్టుకి పోయే మనిషిని నిలబెట్టుకుంది. ముప్పై మూడేళ్లు షిఫ్టులు చేసిన నాకు అది ఎంత పెద్ద మర్యాదో తెలుసు.

ఆసేయా కథ ఈ ఊళ్లో కాక స్టాక్‌హోమ్‌లో మొదలైంది. 1883లో లూద్విగ్ ఫ్రెడ్‌హోల్మ్ అనే వ్యాపారి ఒక చిన్న విద్యుత్ కంపెనీ పెట్టాడు. అతని నమ్మకమంతా యూనస్ వెన్‌స్ట్రొమ్ అనే కుర్ర ఇంజనీరు చేసిన డైనమో మీద. గుండ్రటి ఇనప డొప్పలో ఇమిడిపోయిన ఆ డైనమోను చూసి జనం 'తాబేలు' అని పేరు పెట్టారు. యూనస్ అన్నదమ్ముల్లో ఒకడైన యోరన్, గ్రాన్‌స్ట్రొమ్ అనే భాగస్వామితో కలిసి 1889లో వెస్టెరోస్‌లో మరో కంపెనీ తెరిచాడు. మరుసటి ఏడాది రెండూ కలిసి ఒకటయ్యాయి. స్వీడిష్‌లో ఆ కొత్త కంపెనీకి పెట్టుకున్న నాలుగు మాటల పేరులోని మొదటి అక్షరాలే నేను నేమ్‌ప్లేటు మీద చూసినవి.

యూనస్ వెన్‌స్ట్రొమ్ పని డైనమోతో ఆగలేదు. మన రైతుకి 'త్రీఫేజ్' అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. "త్రీఫేజ్ ఎన్నింటికి ఇస్తారండీ?" అన్న ప్రశ్న నేను ఫోనులో ఎన్ని వేలసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మూడు తీగల పద్ధతిని 1880ల చివర లోకంలో ముగ్గురు నలుగురు, ఒకరి సంగతి ఒకరికి సరిగా తెలియకుండానే పట్టుకున్నారు. జర్మనీలో దొలివో దొబ్రొవోల్‌స్కీ, అమెరికాలో టెస్లా, స్వీడన్‌లో వెన్‌స్ట్రొమ్. జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు, మోటారు మూడింటినీ ఒకే వ్యవస్థగా కూర్చి వెన్‌స్ట్రొమ్ పేటెంటు తీసుకున్నాడు. కంపెనీ నిలబడ్డది దాని మీదే.

మధ్యాహ్నం మీమెర్ అనే పేటకి వెళ్లాం. 1910ల్లో కట్టిన ఆసేయా ఫ్యాక్టరీ షెడ్డు అది. ఎర్ర ఇటుక గోడలు, ఎత్తయిన కిటికీలు. ఇప్పుడందులో నగర చిత్రకళా మ్యూజియం, జిల్లా మ్యూజియం నడుస్తున్నాయి. సరస్సు ఒడ్డున కంపెనీ కాలంనాటి బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. దాని ఎర్ర ఇటుకల గోడల్ని అలాగే ఉంచేసి, లోపల ఈతకొలనులు కట్టి 2014లో తెరిచారు. బాయిలర్లు మండిన చోట పిల్లలు కేరింతలు కొడుతున్నారు. మా ఆవిడ గోడను చేత్తో తడిమి, "పడగొట్టకుండా ఎంత బాగా వాడుకుంటున్నారండీ" అంది.

అక్కడే పెద్దాయన తన సంచీలోంచి ఒక పాత క్యాటలాగు తీశారు. అట్ట మీద ఆసేయా అక్షరాల పక్కన గుండ్రటి వలయంలో స్వస్తిక్. మా ఆవిడ చప్పున చూసి, మన గుమ్మం మీద వేసుకునే గుర్తు కదా అంది. చాలా ఏళ్లు ఆ కంపెనీ ముద్ర అదే. 1933లో జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చిన ఏడాది కంపెనీ దాన్ని తీసేసింది. దేశదేశాల్లో తమను గుర్తుపట్టే ముద్రను ఒక కంపెనీ వదులుకోవడం చిన్న నిర్ణయం కాదు. ఆ గుర్తును తెచ్చుకున్నదీ నాజీల కంటే ముందే, విడిచిపెట్టిందీ సకాలంలోనే.

అప్పటి మేనేజింగ్ డైరెక్టరు సిగ్‌ఫ్రీడ్ ఎడ్‌స్ట్రొమ్. కొత్త శతాబ్దం మొదట్లో కంపెనీ దివాళా అంచుకు చేరితే 1903లో ఆయన్ని పిలిపించారు. అమెరికాలోనూ జ్యూరిక్‌లోనూ పనిచేసి, గోథెన్‌బర్గ్‌లో ట్రాములు నడిపించి వచ్చిన ఇంజనీరు. 30 ఏళ్లు కంపెనీని నడిపి ఒడ్డున పడేశాడు. 1946 నుంచి 1952 దాకా అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి అధ్యక్షుడిగా ఉన్నదీ ఈ ఎడ్‌స్ట్రొమే.

మర్నాడు పెద్దాయన కారులో ఉత్తరానికి బయల్దేరాం. అడవి మధ్యగా, పాత ఇనప గనుల సీమ గుండా దారి. శతాబ్దాలుగా ఆ మట్టిలోంచే స్వీడన్ ఇనుము తీసింది. లుద్వికా దాటి మరో పదిహేను కిలోమీటర్లు పోతే గ్రెంగెస్‌బెర్గ్. గని 1989లో మూతపడింది. ఊరు నిశ్శబ్దంగా ఉంది. గని గొయ్యి అంచున కారాపి, పెద్దాయన అడవి వైపు చెయ్యి చూపించారు. "అటు హెల్‌షోన్. అక్కడ నీళ్లున్నాయి, ఇక్కడ పనుంది. మధ్యలో అడవి."

ఆ మాటలో ఈ కంపెనీ చరిత్రంతా ఉందని నాకప్పుడు అర్థమైంది. గనిలో పంపులు తిరగాలి, ఇనుప రాయి పైకి లాగాలి. నీటి చక్రం తిరిగే చోటు పది పదమూడు కిలోమీటర్ల అవతల ఉంది. 1893లో వెన్‌స్ట్రొమ్ పద్ధతిలో ఆ దూరానికి మూడు తీగలు లాగారు. వోల్టేజి పది వేలకు కొంచెం తక్కువ. స్వీడన్‌లో త్రీఫేజ్ కరెంటు దూరం ప్రయాణం చేయడం అదే మొదలు. రెండేళ్ల ముందు జర్మనీలో లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 175 కిలోమీటర్లు పంపించి చూపారు గాని అది ప్రదర్శన కోసం. ఇక్కడిది రోజూ గని నడవడం కోసం. ఆ లైను పని మొదలుపెట్టిన ఏడాదే, డిసెంబరులో వెన్‌స్ట్రొమ్ చనిపోయాడు. అతనికి 38 ఏళ్లు. ఫ్రెడ్‌హోల్మ్ అంతకు రెండేళ్ల ముందే పోయాడు. కంపెనీకి పునాది వేసిన ఇద్దరూ దాని ఎదుగుదల చూడలేదు.

పెద్దాయన అక్కడ మరో సంగతి చెప్పారు. 1997లో ట్రాన్సిస్టర్లతో నడిచే కొత్త రకం డీసీ ప్రసారాన్ని మొదటిసారి పరీక్షించడానికి చోటు వెతికితే, మళ్లీ ఈ హెల్‌షోన్, గ్రెంగెస్‌బెర్గ్‌ల మధ్యనే పెట్టారట. మూడు మెగావాట్లు, పది కిలోమీటర్లు. వందేళ్ల ఎడంతో, అదే అడవిలో రెండు ఆరంభాలు. లోకం ఏసీ వైపు తిరిగిన రోజుల్లో ఏసీ లైను వేసిన చోటికే డీసీ తిరిగొచ్చింది. ఆ రోజుల్ని చెబుతున్నప్పుడు ఆయన గొంతులో పాతికేళ్ల కుర్రాడు పలికాడు.

సాయంత్రం లుద్వికాలో ఆగాం. 1916లో ఇక్కడి విద్యుత్ కంపెనీ ఒకదాన్ని ఆసేయా కొనుక్కుంది. అప్పటినుంచీ ట్రాన్స్‌ఫార్మర్లకూ హై వోల్టేజి పరికరాలకూ ఇది పుట్టిల్లు. ఫ్యాక్టరీ లోపలికి మాకు ప్రవేశం లేదు. గేటు బయట రోడ్డు మీద నిలబడి ఆ ఎత్తయిన టెస్టింగ్ హాళ్లను చూస్తూ, ఆసేయా ఇంజనీరు ఉనో లామ్ గురించి మాట్లాడుకున్నాం.

స్వీడన్ కష్టం ఒకటే. పెద్ద నదులు ఉత్తరాన, మనుషులు దక్షిణాన. దూరం పెరిగేకొద్దీ వోల్టేజి పెంచుకుంటూ పోయారు. 1952లో ధ్రువవృత్తం దగ్గరి హార్‌స్ప్రోంగెత్ నుంచి దేశం నడుమనున్న హాల్స్‌బెర్గ్ దాకా, దాదాపు వెయ్యి కిలోమీటర్ల పొడవున లోకంలోనే మొట్టమొదటి 400 కేవీ తరగతి లైను నడిచింది. అయితే సముద్రం దగ్గర ఏసీ ఆగిపోయింది. సముద్రం అడుగున వేసే కేబుల్లో రాగి తీగ, దాని చుట్టూ ఇన్సులేషన్, దాని పైన లోహపు తొడుగు ఉంటాయి. అంటే అది బారెడు కాదు, మైళ్ల పొడవున్న కెపాసిటర్. ఏసీ సెకనుకు వందసార్లు దాన్ని నింపుతుంది, ఖాళీ చేస్తుంది. కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే కేబుల్ శక్తంతా దాన్ని నింపడానికే సరిపోతుంది. అవతలి ఒడ్డుకి చేరేదేమీ మిగలదు. పొలానికి నీరు పెట్టాలంటే ముందు కాలువ తడవాలి కదా. కాలువ ప్రతి క్షణం ఎండుతూ ఉంటే పొలానికి నీరెప్పుడు చేరుతుంది? డీసీ అయితే కేబుల్‌ని ఒక్కసారి నింపితే చాలు.

కాని అందుకు ఏసీని డీసీగా, మళ్లీ డీసీని ఏసీగా మార్చే వాల్వు కావాలి. లామ్ 1920ల చివర పాదరసపు వాల్వు మీద పని మొదలుపెట్టాడు. ఉక్కు తొట్టిలో పాదరసం, దానిమీంచి లేచే ఆర్క్ ఒకవైపే కరెంటును పోనివ్వాలి. వోల్టేజి పెంచినప్పుడల్లా ఆర్క్ వెనక్కి తన్నేది. ఆనోడుకూ కాథోడుకూ మధ్య వరసగా ఎలక్ట్రోడులు పెట్టి, ఆ వోల్టేజి భారాన్ని మెట్లు మెట్లుగా పంచాలన్నది లామ్ ఆలోచన. ఆలోచన 1929 నాటిది. అది నిజంగా ఒక ఊరికి దీపం వెలిగించింది 1954లో. పాతికేళ్లు! మధ్యలో ట్రోల్‌హెట్టన్ నుంచి మెల్లెరుద్ దాకా 50 కిలోమీటర్ల ప్రయోగపు లైను మీద ఏళ్ల తరబడి పరీక్షలు. "పాతికేళ్లు ఫలితం రాకపోయినా ఆపమనని కంపెనీ, మానేస్తాననని మనిషి. రెండూ కావాలి" అన్నారు పెద్దాయన.

ఆ దీపం వెలిగిన చోటు చూడకుండా తిరిగి రాలేను. వారం తర్వాత అమ్మాయి, మేమిద్దరం నూనెస్‌హామ్న్ రేవులో ఓడెక్కి మూడు గంటల పైచిలుకు ప్రయాణం చేసి గోట్లాండ్ దీవికి వెళ్లాం. విస్బీ పట్నం చుట్టూ మూడున్నర కిలోమీటర్ల మధ్యయుగపు గోడ, గోడ నిండా గులాబీలు. బాల్టిక్ సముద్రం ఆ రోజు అలే లేకుండా ఉంది. ఆ నీటి అడుగున 1954లో ప్రధాన భూభాగపు వెస్టర్‌విక్ నుంచి దీవి దాకా దాదాపు వంద కిలోమీటర్ల కేబుల్ పరిచారు. 100 కేవీ, 20 మెగావాట్లు. ఒకటే తీగ. తిరుగు దారి సముద్రపు నీళ్లే. సముద్రం మీదుగా వాణిజ్య స్థాయిలో డీసీ విద్యుత్తు నడవడం లోకంలో అదే మొదటిసారి.

కేబుల్ ఒడ్డుకు చేరిన ఇగ్నె, విస్బీకి దక్షిణాన కొద్ది దూరంలో ఉంది. అక్కడ పెద్ద వైభవమేమీ లేదు. గులకరాళ్ల ఒడ్డు, పైన్ చెట్లు, కంచె వెనక స్టేషన్. అదంతా చూస్తుంటే నాకు మా సబ్‌స్టేషనే గుర్తొచ్చింది. ఈ ఒడ్డు మీదే 1970లో పాదరసం పక్కన థైరిస్టర్ వాల్వులు చేర్చి సామర్థ్యాన్ని 30 మెగావాట్లకు పెంచారు. 1986లో ఆ మొదటి లంకెను విశ్రాంతికి పంపి కొత్త కేబుళ్లకు పని అప్పగించారు. దీవి దక్షిణ కొన మీద గాలిమరలు పెరిగాక, గ్రెంగెస్‌బెర్గ్ అడవిలో పరీక్షించిన కొత్త డీసీ పద్ధతితో 1999లో 50 మెగావాట్లు భూమి కిందుగా విస్బీ వైపు రావడం మొదలైంది.

తిరుగు ఓడలో మా అమ్మాయి, "దీంతో మనకేం సంబంధం నాన్నా?" అని అడిగింది. మన గాజువాక గురించి చెప్పాను. చాలా ఏళ్లు దక్షిణాది గ్రిడ్ ఒక ఫ్రీక్వెన్సీలో, తూర్పు గ్రిడ్ ఇంకో ఫ్రీక్వెన్సీలో నడిచేవి. రెండు లయల్లో నడిచే ఎడ్లను ఒకే కాడికి కట్టలేం. వాటి నడుమ డీసీ వంతెనగా గాజువాకలో కన్వర్టర్ స్టేషన్ కట్టారు. 1999లో ఒక 500 మెగావాట్లు, 2005లో మరో 500 మెగావాట్లు. రెండోదాన్ని కట్టింది ఆసేయా వారసురాలు ఏబీబీ. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయ్యేదాకా, మన ఇంట్లో ఫ్యాను తిరగడంలో ఆ డీసీ వంతెనలకూ చెయ్యుంది. ఒడిశా బొగ్గు మంట విశాఖలో వెలుగుగా మారడానికీ, ఉనో లామ్ పాతికేళ్ల పట్టుదలకూ బంధుత్వం ఉంది.

ఇప్పుడు ఆసేయా అన్న పేరు లేదు. 1987లో స్విట్జర్లాండ్‌కు చెందిన బ్రౌన్ బొవేరీతో విలీనం ప్రకటించి, 1988 జనవరి నుంచి రెండూ ఏబీబీ అయ్యాయి. ప్రధాన కార్యాలయం జ్యూరిక్ చేరింది. 2020లో పవర్‌గ్రిడ్ల విభాగంలో ఎక్కువ వాటా జపాన్ హిటాచీ కొనుక్కుంది. లుద్వికా గేటు మీద ఇప్పుడున్నది హిటాచీ ఎనర్జీ పేరు. ఇది బాధాకరమా అని పెద్దాయన్ని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "పేరు మారింది. పరీక్ష మారలేదు. హాల్లోకి వచ్చిన వాల్వు వోల్టేజిని తట్టుకుందా లేదా, అంతే" అన్నారు. వీడ్కోలప్పుడు ఆయన నా చేతిలో చిన్న పొట్లం పెట్టారు. ఆయన ఇంట్లో పాత మోటారుకున్న ఇత్తడి నేమ్‌ప్లేటు. నాలుగు అక్షరాలు, కింద వెస్టెరోస్. నేను తుక్కు లారీ మీద పోనిచ్చిన నేమ్‌ప్లేటు సంగతి ఆయనకు దారిలో చెప్పాను.

మన హైదరాబాద్‌లోనూ హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిజాం కాలంలో ఒక విద్యుత్ కేంద్రం ఉండేది. నగరానికి కరెంటు పంచిన ఆ కేంద్రం ఇవాళ లేదు. దాని ఎత్తయిన పొగగొట్టాలు కంటితో చూసినవాళ్లు తగ్గిపోతున్నారు. వెస్టెరోస్‌లో ఈతకొలనుగా మారిన ఇటుక గోడను తడిమిన తర్వాత ఆ లోటు నాకు మరింత తెలిసొచ్చింది. కరెంటు పని కంటికి కనిపించదు. పోయినప్పుడే జనం తలుచుకుంటారు. ఆ పని చేసిన చేతులకు గుర్తుగా మిగిలేవి ఆ పాత గోడలు, పాత యంత్రాలు, చేతిరాత లాగ్ పుస్తకాలే.

అందుకని ఇవాళ సబ్‌స్టేషన్లలో, పవర్‌హౌసుల్లో పనిచేస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మనవి ఒకటే. మీ యార్డులో పాత యంత్రాన్ని తుక్కు వేలానికి పంపే రోజు వస్తుంది. పంపండి. కానీ పైవాళ్ల అనుమతి తీసుకుని నేమ్‌ప్లేటు విప్పి, అది ఏ ఏడాది వచ్చిందో, ఏయే ఊళ్లకు వెలుగిచ్చిందో వెనక రాసి, కంట్రోల్ రూము గోడకు తగిలించండి. రెండు నిమిషాల పని.